పాత తెలుగు టీవీ కార్యక్రమాలు, అనౌన్సర్ల జ్ఞాపకాలు: వైజాగ్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్‌లో పెరిగి ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో, అరవైల్లో ఉన్నవాళ్ళం ఎక్కడ కలిసినా పాత టీవీ ప్రస్తావన వచ్చిందంటే అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆ అనౌన్సర్ ఎక్కడినుంచి మాట్లాడేది, ఆ కార్యక్రమం రేడియోలోనా టీవీలోనా, మా అటక మీద క్యాసెట్ ఉంది ఏం చెయ్యమంటారు, ఇలాంటివి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయం అనిపించింది. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్ళు నేరుగా చదువుకోవచ్చు.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకంటే, ఆనాటి కార్యక్రమాలు కొన్నయినా టేపుల్లో మిగిలాయి గానీ, వాటి మధ్యలో వచ్చి నమస్కారం పెట్టి, "ఇప్పుడు మీరు చూడబోయే కార్యక్రమం" అంటూ మనల్ని ఒక కార్యక్రమం నుంచి ఇంకోదానికి తీసుకెళ్ళిన మనుషుల మాటలు దాదాపుగా మిగల్లేదు. అవి చూసినవాళ్ళ తలల్లోనే ఉన్నాయి.

## బొమ్మ ఎక్కడినుంచి వచ్చేది

మన వైజాగ్ దూరదర్శన్‌లో అప్పట్లో అనౌన్సర్ ఎవరండీ?

వైజాగ్‌లో ఉన్నది ట్రాన్స్‌మిటర్, టవరు. మనం తెర మీద చూసిన తెలుగు అనౌన్సర్లు హైదరాబాద్‌లో, రామంతపూర్ స్టూడియోలో కూర్చుని మాట్లాడినవాళ్ళు. "కాదండీ, మన ఊరి అమ్మాయే, మా అక్కకి క్లాస్‌మేట్ కూడా" అని గట్టిగా చెప్పేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట కొట్టిపారేయకండి. వాళ్ళకి గుర్తున్నది బహుశా ఆకాశవాణి విశాఖపట్నం గొంతు అయ్యుంటుంది. సిరిపురంలో ఉన్న ఆ కేంద్రం 1963 నుంచి పనిచేస్తోంది, అక్కడ మన ఊరి వాళ్ళు చాలామంది అనౌన్సర్లుగా చేశారు. లేదా 1990ల్లో కేబుల్ వచ్చాక లోకల్ ఛానల్‌లో ఊరి వార్తలు చదివిన అమ్మాయి అయినా అయ్యుండొచ్చు. ఒక చిన్న గదిలో వెనకాల కర్టెన్ కట్టి, రెండు లైట్లు పెట్టి చదివించేవాళ్ళు. వాళ్ళని కూడా అనౌన్సర్లుగానే లెక్కపెట్టాలని నా పట్టు, ఎందుకంటే వాళ్ళ గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు.

హైదరాబాద్‌లో ముందే టీవీ ఉంది కదా, మన దగ్గరకి అంత ఆలస్యం ఎందుకయ్యింది?

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. అంతకు ముందు 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ (SITE) అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది, అమెరికా ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు, అందులో మన రాష్ట్రం కూడా ఉంది. కానీ టవరు నుంచి వచ్చే టీవీ తరంగాలు రేడియో మీడియం వేవ్ లాగా వందల కిలోమీటర్లు పాకవు. టవరు పైనుంచి చూస్తే కనిపించేంత మేర, ఇంకాస్త దూరం, అంతే. హైదరాబాద్ టవరు మనకి ఏ రకంగానూ అందదు. మన ఊళ్ళో వేరే ట్రాన్స్‌మిటర్ ఉండాలి, దానికి కార్యక్రమం అందించే దారి ఉండాలి. ఆ దారి ఉపగ్రహం. ఇన్శాట్-1ఏ 1982లో పైకి వెళ్ళి కొన్ని నెలల్లోనే పాడైంది. ఇన్శాట్-1బీ 1983 ఆగస్టులో వెళ్ళింది, అది నిలబడింది. దాని ఆధారంగానే 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టుకుంటూ పోయారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ చిన్న ట్రాన్స్‌మిటర్లు మొదట్లో పట్టుకుని వదిలింది ఎక్కువగా ఢిల్లీ కార్యక్రమాన్నే. అందుకే చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళని "మీరు చూసిన మొదటి టీవీ ఏంటి" అంటే హిందీ వార్తలో హిందీ సీరియలో చెబుతారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూర్చుని చూశారు. తెర మీద మన తెలుగులో ఒక మనిషి నమస్కారం పెట్టడం ఆ తర్వాత వచ్చిన సంబరం.

బొమ్మ పక్కన ఇంకో బొమ్మ నీడలా పడేది, అది మా టీవీ లోపమా?

టీవీ లోపం కాదు, మన కొండల వల్ల. టవరు నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్ ఒకటి, కొండకి తగిలి తిరిగి కాస్త ఆలస్యంగా వచ్చిన సిగ్నల్ ఒకటి. రెండూ యాంటెన్నాకి అందితే మనిషి పక్కన మనిషి కనిపిస్తాడు. సముద్రం పక్కన కొండలున్న ఊరు కాబట్టి ఈ గొడవ వైజాగ్‌లో వీధికో రకంగా ఉండేది, ఒక మేడ మీద అద్దంలా వచ్చే బొమ్మ రెండిళ్ళ అవతల చుక్కలు చుక్కలుగా వచ్చేది.

ఉప్పుగాలి సంగతి వేరే. బీచ్ వైపు ఇళ్ళలో యాంటెన్నా అల్యూమినియం గొట్టాలు కొన్నాళ్ళకే తెల్లటి పొడి కట్టేవి. రిబ్బన్ వైరు బిగించే నట్టు దగ్గర పచ్చగా చిలుం పట్టేది. దాన్ని విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి, ప్లాస్టిక్ కవరు చుట్టి పురికొస కట్టేవాళ్ళు. మేడ మీద ఒకరు గొట్టం పట్టుకుని తిప్పడం, మెట్ల మధ్యలో ఒకరు, టీవీ ముందు ఒకరు. "వచ్చిందా?" "ఇంకొంచెం… ఇంకొంచెం… ఆఁ, ఉంచేయ్, ఉంచేయ్!" చెయ్యి వదలగానే బొమ్మ పోయేది. మనిషి ఒళ్ళు కూడా సిగ్నల్‌ని మారుస్తుంది, అందుకే పట్టుకుని నిలబడితే వచ్చి వదిలితే పోయేది.

ఎండాకాలం రాత్రుళ్ళు వేరే రాష్ట్రం స్టేషన్ వచ్చేదని నాన్నగారు అంటారు, నిజమేనా?

నిజమే అయ్యుంటుంది. సముద్రం మీద కింద చల్లగాలి, పైన వేడిగాలి పొరలుగా నిలిచినప్పుడు టీవీ తరంగాలు ఆ రెంటి మధ్య ఇరుక్కుని వందల కిలోమీటర్లు వెళ్ళిపోతాయి. తీరప్రాంతాల్లో వేసవిలో ఇది మామూలే. నాన్నగారు ఏ భాష విన్నారో, ఏ నెలో అడిగి రాసుకోండి.

## అనౌన్సర్లు, వాళ్ళ పని

అనౌన్సర్, న్యూస్‌రీడర్, యాంకర్ అంతా ఒకటే కాదా?

మూడూ వేరు. అనౌన్సర్ అంటే స్టేషన్ తరఫున మాట్లాడే మనిషి. ప్రసారం మొదలవగానే నమస్కారం చెప్పి, ఇవాళ్టి కార్యక్రమాలు చదివి, ఒక్కో కార్యక్రమం ముందు రెండు మాటలు చెప్పి, చివర్లో సెలవు తీసుకుంటారు. న్యూస్‌రీడర్ వార్తలు మాత్రమే చదువుతారు. యాంకర్ ఒక కార్యక్రమానికి చెందినవాళ్ళు, ఆ కార్యక్రమం అయిపోతే వాళ్ళ పని అయిపోయినట్టే. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక యాంకర్ అనే మాట ఇంటింటికీ చేరింది, ఆ తర్వాత ఝాన్సీ, ఉదయభాను, సుమ లాంటివాళ్ళు సొంత పేరుతో కార్యక్రమాన్ని నడిపించే స్థాయికి వచ్చారు. సుమ పుట్టింది కేరళ కుటుంబంలో, అయినా ఆవిడ తెలుగు వింటే ఎవరూ వేరే అనుకోరు.

పాత అనౌన్సర్లలో చాలామంది పేరు తెర మీద పడేది కాదు. రోజూ ఇంట్లోకి వచ్చిన మనిషి పేరు తెలియకుండానే ఏళ్ళు గడిచిపోయాయి. విజయదుర్గ గారిలా పేరుతో సహా గుర్తుండిపోయినవాళ్ళు కొద్దిమందే, ఆవిడ పేరెత్తితే చాలు మా అమ్మ తరం వాళ్ళ ముఖాలు విప్పారతాయి.

తెలుగులో టీవీ వార్తలు మొదట చదివింది ఎవరు?

శాంతిస్వరూప్ గారు. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో మొదలుపెట్టారు, 2011లో రిటైరయ్యారు, 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆయన భార్య రోజారాణి గారు కూడా దూరదర్శన్ న్యూస్‌రీడరే. ఆయన గురించి మాట్లాడేటప్పుడు అందరూ గొంతు గురించే చెబుతారు. నాకు మాత్రం ఆయన వేగం గొప్పగా అనిపిస్తుంది. ఎంత పెద్ద వార్తయినా, ఎంత ఘోరమైనదైనా, వాక్యం చివర క్రియాపదం దాకా పూర్తిగా పలికి అప్పుడు ఊపిరి తీసుకునేవారు. ఇప్పుడు ఆ వేగంతో చదివితే ఛానల్ వాళ్ళు ఒప్పుకోరేమో, కానీ వినేవాడికి బుర్రలోకి ఎక్కే వేగం అదే.

వాళ్ళు చూసి చదివేవాళ్ళా, కంఠతా చెప్పేవాళ్ళా?

మొదట్లో టెలిప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితాలే. శాంతిస్వరూప్ గారు ఏళ్ళ తరబడి అలాగే చదివారు. కాగితం వైపు ఒక్క చూపు, వాక్యం మొత్తం మనసులో పట్టుకోవడం, తలెత్తి కెమెరాకి చెప్పడం, మళ్ళీ కిందికి చూసినప్పుడు సరిగ్గా తర్వాతి వాక్యం మీద చూపు పడటం. ఇంట్లో ఒకసారి వార్తాపత్రిక పట్టుకుని ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టి ప్రయత్నించండి, ఆ పని విలువ తెలుస్తుంది.

అనౌన్సర్‌కి ఇంకో కష్టం ఉంది. ముందరి కార్యక్రమం అనుకున్న దానికంటే ఒక నిమిషం ముందే అయిపోతే ఆ నిమిషం ఆవిడే నింపాలి. ఆలస్యమైతే తన మాటలు కుదించుకోవాలి. ఎదురుగా ఫ్లోర్ మేనేజర్ వేళ్ళతో సైగలు చేస్తుంటాడు, ముఖంలో ఆ కంగారు కనపడకూడదు.

అనౌన్సర్ల చీరలు గుర్తున్నాయి గానీ రంగులు ఎవరూ ఒకేలా చెప్పరు, ఎందుకని?

సగం ఇళ్ళలో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ కాబట్టి. మన దేశంలో రంగుల ప్రసారం 1982లో మొదలైనా రంగుల టీవీ కొనగలిగినవాళ్ళు తక్కువ. కొందరి ఇళ్ళలో తెర ముందు రంగు ప్లాస్టిక్ షీటు తగిలించేవాళ్ళు, వాళ్ళకి పైన నీలం, కింద పచ్చ గుర్తుంటుంది. చీరల ఎంపికకీ లెక్కలుండేవి. సన్న గళ్ళు, సన్న చారలు తెర మీద వణుకుతున్నట్టు మెరుస్తాయి, తెల్లటి తెలుపు లైట్ల కింద మిరుమిట్లు గొలుపుతుంది. అందుకే నిండు రంగు, వెడల్పు అంచు చీరలు ఎక్కువగా కనిపించేవి. ఆ చీరలు చూసి వన్‌టౌన్ కురుపాం మార్కెట్ వైపు బట్టల షాపుల్లో "టీవీలో ఆవిడ కట్టుకుందే, అలాంటిది" అని అడిగిన పిన్నులు, అత్తయ్యలు మా వీధిలోనే ఉన్నారు.

"అంతరాయానికి చింతిస్తున్నాము" బోర్డు పెట్టినప్పుడు లోపల ఏం జరిగేది?

ఢిల్లీ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే లింకు తెగడం, టేపు మెషిన్ ఆగిపోవడం, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఖాళీ రావడం, ఇలాంటివే. అప్పటికప్పుడు చూపించడానికి ఆ బోర్డు సిద్ధంగా ఉండేది. పిల్లలం ఆ బోర్డు కూడా కన్నార్పకుండా చూసేవాళ్ళం.

వాళ్ళ తెలుగు మన ఇంట్లో తెలుగులా ఉండేది కాదు, మంచిదా చెడ్డదా అది?

రెండూ. "శ", "ష", "స" తేడా, ఒత్తులు, సున్నాలు, ఇవన్నీ నా తరం చాలావరకు టీవీ, రేడియోల్లో విని నేర్చుకుంది. బడిలో మాస్టారు చెప్పినదానికంటే ఎక్కువ అక్కడే పట్టుబడింది, ఆ అప్పు నేను మర్చిపోను. కానీ ఉత్తరాంధ్ర యాస తెర మీద వినిపించిందంటే అది దాదాపుగా హాస్యపాత్ర నోటే. మా నాయనమ్మ "ఏటే, ఆవిడేటంతాంది?" అని టీవీ వైపు చూసి అడిగేది, ఆవిడ మాటని ఆ టీవీ ఎప్పుడూ తిరిగి పలకలేదు. జ్ఞాపకాలు రాసేటప్పుడు మీ ఇంట్లోవాళ్ళ మాటని శుద్ధి చెయ్యకుండా ఉన్నది ఉన్నట్టు రాయమని నేను బతిమాలేది అందుకే.

## పేర్లు, రోజులు కలిసిపోయినప్పుడు

చిత్రహార్, చిత్రలహరి ఒకటేనా?

కాదు. చిత్రహార్ ఢిల్లీ నుంచి వచ్చే హిందీ సినిమా పాటలు. చిత్రలహరి హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు సినిమా పాటలు, శుక్రవారం సాయంత్రం. ఆ వేళకి వీధిలో క్రికెట్ ఆగిపోయేది.

ధర్మసందేహాలు రేడియోలోదా, టీవీలోదా?

రెండిట్లోనూ వచ్చింది, గొడవంతా అందుకే. ఉషశ్రీ గారు రేడియోలో, విజయవాడ కేంద్రం నుంచి చెప్పారు, ఆయన గొంతు చాలామందికి కంఠతా వచ్చు. మల్లాది చంద్రశేఖరశాస్త్రి గారిని టీవీలో చూశాం. మీ తాతగారికి ముఖం గుర్తుంటే టీవీ, గొంతు మాత్రమే గుర్తుంటే రేడియో అనుకోవచ్చు.

ఆనందో బ్రహ్మ ఏ ఛానల్‌లో వచ్చేది? ఋతురాగాలు?

రెండూ దూరదర్శన్‌వే. ఆనందో బ్రహ్మ హాస్య ధారావాహిక, ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారికి తెలుగిళ్ళలో గుర్తింపు తెచ్చింది అదే, సినిమాల్లో పెద్ద పేరు తర్వాత వచ్చింది. ఋతురాగాలు 1990ల నాటి డైలీ సీరియల్, మంజులా నాయుడు దర్శకత్వం. టైటిల్ పాట మొదలవగానే వంటింట్లో స్టవ్ సన్నం చేసేవాళ్ళు.

డీడీ-8, సప్తగిరి, యాదగిరి, ఇవన్నీ వేరువేరు ఛానళ్ళా?

డీడీ-8 అన్నది 1990ల్లో తెలుగు ఉపగ్రహ ఛానల్‌కి ఉన్న పేరు. అదే తర్వాత సప్తగిరి అయ్యింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకి యాదగిరి వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కి సప్తగిరి విజయవాడ నుంచి నడుస్తోంది. కాబట్టి ఎవరైనా "1988లో సప్తగిరిలో చూశాను" అంటే కార్యక్రమం గుర్తు సరైనదే అయ్యుండొచ్చు, పేరు మాత్రం తర్వాతది.

పొద్దున్నే వచ్చే ఆ ట్యూన్ రవిశంకర్‌దే కదా?

దూరదర్శన్ ట్యూన్ అయితే పండిత్ రవిశంకర్‌ది, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌తో కలిసి చేశారు. పొద్దున్నే రేడియో పెట్టగానే వచ్చేది మాత్రం ఆకాశవాణి ట్యూన్, శివరంజని రాగంలో వాల్టర్ కాఫ్‌మన్ చేసినది.

అప్పట్లో ఉత్తరాలు రాస్తే నిజంగా చదివేవాళ్ళా?

చదివేవాళ్ళు. జాబులు జవాబులు కార్యక్రమం అంతా ఉత్తరాల మీదే నడిచింది. 15 పైసల కార్డు మీద "ఫలానా సీరియల్ వేళ మార్చండి", "మా ఊళ్ళో బొమ్మ సరిగ్గా రావట్లేదు" అని రాస్తే తెర మీద ఊరి పేరుతో సహా చదివి జవాబు చెప్పేవాళ్ళు. "విశాఖపట్నం నుంచి" అన్న మాట వినపడగానే ఇంట్లో అందరూ ఒక్కసారి నిటారుగా కూర్చునేవాళ్ళు, ఆ తర్వాతి పేరు మనది కాకపోయినా సరే. జాతీయ స్థాయిలో సురభి కార్యక్రమానికి వచ్చిన కార్డుల వరద తట్టుకోలేక తపాలా శాఖ పోటీల కోసం వేరేగా, ఎక్కువ ధరకి, కాంపిటీషన్ పోస్టుకార్డు తెచ్చింది. మీ ఇంట్లో అప్పటి జవాబు కార్డు ఏదైనా ఉంటే దాన్ని రెండు వైపులా స్కాన్ చేసి ఉంచండి, పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉంటుంది.

## ఆధారాలు వెతికేటప్పుడు

ఫలానా రోజు ఫలానా కార్యక్రమం వచ్చిందని ఎలా తేల్చుకోవాలి?

పాత దినపత్రికలే దిక్కు. రోజూ "నేటి టీవీ", "నేటి రేడియో" అని చిన్న పెట్టె వేసేవాళ్ళు, అందులో వేళ, పేరు ఉంటాయి. ఈనాడు 1974 ఆగస్టు 10న మన ఊళ్ళోనే మొదలైంది. ద్వారకానగర్‌లో విశాఖపట్నం పౌర గ్రంథాలయం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉంది, మొదట అక్కడ పాత సంచికల సంగతి అడగండి. ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత పత్రికలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, ఇప్పుడు అందుతున్నాయేమో చూడండి. రేడియో అయితే ఆకాశవాణి వాళ్ళ "వాణి" పత్రిక సంచికలు దొరికితే పండగే.

వెతికే ముందు ఒక పని చెయ్యండి. మీ జ్ఞాపకాన్ని ఏదైనా తేదీ తెలిసిన సంఘటనకి ముడిపెట్టండి. రామాయణం 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా, మహాభారతం 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 దాకా, ఆదివారం పొద్దున్న వచ్చాయి. "అది రామాయణం వస్తున్న రోజుల్లోనే" అనగలిగితే వెతకాల్సింది పదేళ్ళు కాదు, ఏడాదిన్నర.

అనౌన్సర్ల వీడియోలు యూట్యూబ్‌లో ఎందుకు దొరకవు?

వాళ్ళు మాట్లాడింది ఎక్కువగా లైవ్. నోటి నుంచి వచ్చిన మాట నేరుగా టవరెక్కి వెళ్ళిపోయింది, టేపు మీదకి రాలేదు. టేపు మీదకి ఎక్కిన కార్యక్రమాల్లో కూడా చాలా పోయాయి, టేపులు ఖరీదైనవి కాబట్టి ఒకదాని మీద ఇంకోటి రికార్డు చేసేవాళ్ళు. మిగిలినవాటిని ప్రసారభారతి ఆర్కైవ్స్ కొంచెం కొంచెంగా బయటపెడుతోంది. అనౌన్స్‌మెంట్ దొరికే చోటు ఏదైనా ఉందంటే అది మన ఇళ్ళే. ఎవరో వీసీఆర్‌లో సినిమా రికార్డు చేద్దామని బటన్ ముందే నొక్కి ఉంటారు, సినిమాకి ముందు అనౌన్సర్ అర నిమిషం మాటలు అందులో పడి ఉంటాయి. అందుకే పాత క్యాసెట్‌లో సినిమా చూసి "ఇది ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతుందిలే" అని పారేయొద్దు. మొదటి రెండు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు చూశాక అప్పుడు ఆలోచించండి.

## ఇంట్లో క్యాసెట్ బయటపడితే

అటక మీద వీడియో క్యాసెట్ దొరికింది, వెంటనే వేసి చూడొచ్చా?

వద్దు, ముందు కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. క్యాసెట్ పైనున్న పారదర్శక భాగంలోంచి టేపు చుట్ట అంచు కనిపిస్తుంది. నల్లగా, నునుపుగా ఉంటే పరవాలేదు. తెల్లటి మచ్చలు, పొడి, దూది పోగుల్లాంటివి కనిపిస్తే బూజు. మన ఊరి తేమకి ఇది మామూలు. బూజు పట్టినదాన్ని మెషిన్‌లో వేస్తే మెషిన్ హెడ్ పాడవుతుంది, తర్వాత వేసే మంచి క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని విడిగా ఒక కవర్లో పెట్టి, శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

బాగున్నదైతే మొదట వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళ విరిచేయండి, పొరపాటున దాని మీద రికార్డు అవ్వకుండా. ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి, ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి. మెషిన్ హెడ్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించండి. మొదటిసారి ప్లే చేసినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టండి. ఒకసారి బాగా వచ్చింది రెండోసారి అంత బాగా వస్తుందన్న గ్యారంటీ లేదు.

డిజిటల్ చేయించేటప్పుడు షాపు అతనికి ఏం చెప్పాలి?

మూడు మాటలు చెప్పండి. పాల్ (PAL, మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) పద్ధతిలో, 720×576 సైజులో, సెకనుకి 25 ఫ్రేములతో కావాలి. "క్లీన్ చేస్తాను, వెడల్పు చేస్తాను, మ్యూజిక్ వేస్తాను" అంటే వద్దనండి, ఉన్నది ఉన్నట్టే కావాలి. ముందూ వెనకా కత్తిరించొద్దని గట్టిగా చెప్పండి, మనకి కావలసిందే ఆ ముక్కలు. డీవీ పద్ధతిలో తీస్తే గంటకి సుమారు 13 జీబీ అవుతుంది, అంత చోటు లేకపోతే మంచి నాణ్యతతో ఎంపీ4 చేయించండి. అసలు క్యాసెట్ వెనక్కి తీసుకోవడం మర్చిపోవద్దు.

మా దగ్గర వీడియో లేదు గానీ టేప్‌రికార్డర్‌లో పట్టిన టీవీ పాటల ఆడియో క్యాసెట్ ఉంది, పనికొస్తుందా?

నన్నడిగితే వీడియోకంటే దానికే విలువెక్కువ. టీవీ స్పీకర్ ముందు టేప్‌రికార్డర్ పెట్టి "ఎవరూ మాట్లాడకండి" అని చెప్పి పట్టినవి అవి. అందులో పాటతో పాటు అనౌన్సర్ గొంతు ఉంటుంది, దాని వెనక ప్రెషర్ కుక్కర్ విజిల్ ఉంటుంది, వీధిలో చేపలమ్మ కేక ఉంటుంది, మధ్యలో తుమ్మిన చిన్నాన్న ఉంటాడు. ఆ చప్పుళ్ళు తీసెయ్యమని ఎవరికీ చెప్పకండి. అనౌన్సర్ స్టూడియోలో ఒంటరిగా మాట్లాడింది గానీ ఆ మాట చేరింది ఇలాంటి గదుల్లోకే కదా.

వీటిని నెట్‌లో పెడితే కేసులు అవుతాయా?

మన చట్టంలో ప్రసారం మీద ప్రసార సంస్థకున్న హక్కు, ప్రసారమైన ఏడాది తర్వాతి సంవత్సరం నుంచి 25 ఏళ్ళు. సినిమాలకి, పాటల రికార్డింగులకి ఇది 60 ఏళ్ళు. అంటే 1989 నాటి అనౌన్స్‌మెంట్ ముక్కకి ప్రసార హక్కు గడువు దాటిపోయింది, దాని పక్కనే ఉన్న సినిమా పాటకి దాటలేదు. పాట భాగం పెడితే యూట్యూబ్ పట్టేసుకుంటుంది. అనౌన్స్‌మెంట్ వరకు విడిగా తీసి పెట్టడం మేలు. తెర మీదున్న మనిషిని గుర్తుపట్టి అడగగలిగితే ముందు అడగండి, అది చట్టం కోసం కాదు, మర్యాద కోసం.

## పెద్దవాళ్ళతో కూర్చుని రాసుకునేటప్పుడు

మా అమ్మకి చాలా గుర్తుంది, కానీ అడిగితే "ఏముందమ్మా, చూసేవాళ్ళం" అంటుంది. ఎలా అడగాలి?

"ఏ కార్యక్రమాలు చూసేదానివి" అని అడగకండి, అది పరీక్ష పేపరు ప్రశ్న. టీవీ ఏ గదిలో ఉండేది, ఏ మూల, దాని మీద ఏ గుడ్డ కప్పేవాళ్ళు, షట్టర్ తలుపులుండేవా, తాళం ఎవరి దగ్గర ఉండేది, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళు, గుమ్మం అవతలే నిలబడి చూసినవాళ్ళు ఎవరు, అని అడగండి. గది గుర్తొస్తే తెర దానంతటదే గుర్తొస్తుంది. ఆ గుమ్మం అవతల నిలబడ్డవాళ్ళ సంగతి తప్పక అడగండి. ఎవరిని లోపలికి రమ్మన్నారు, ఎవరిని రానివ్వలేదు అన్నది కూడా ఆ రోజుల టీవీ కథే, అది చెప్పుకోవడం కష్టంగా ఉన్నా రాసుకోవాలి.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఏది రాయాలి?

రెండూ రాయండి, పక్కన ఎవరు చెప్పారో, అప్పటికి వాళ్ళ వయసెంతో, ఏ పేటలో ఉండేవాళ్ళో రాయండి. చూసింది వేరు, తర్వాత విన్నది వేరు. "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అని మెత్తగా ఒక్కసారి అడిగితే చాలా చిక్కులు విడిపోతాయి. పత్రికలో ఆధారం దొరికినా జ్ఞాపకాన్ని కొట్టేయొద్దు, పక్కన పత్రిక తేదీ వేయండి చాలు.

అప్పట్లో అనౌన్సర్‌గా చేసిన ఒకావిడ మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారట. వెళ్ళి ఏం అడగమంటారు?

ముందు ఫోన్ చేసి, ఆవిడకి వీలైన వేళ అడిగి వెళ్ళండి. "మీకు ఎదురైన మరపురాని సంఘటన" లాంటివి ఆవిడ ఇప్పటికే నలుగురికి చెప్పి ఉంటారు, ఆ సమాధానం నలిగిపోయి ఉంటుంది. పని గురించి అడగండి. ఆడిషన్‌లో ఏం చదివించారు, నెలకి ఎన్ని డ్యూటీలు పడేవి, రాత్రి ప్రసారం అయ్యాక ఇంటికి ఎలా వెళ్ళేవారు, చంటిపిల్లని ఎవరి దగ్గర వదిలి వచ్చేవారు, జలుబు చేసి గొంతు పోతే ఎవరు కూర్చునేవాళ్ళు, తుపాను హెచ్చరికలు చదివినప్పుడు స్టూడియోలో ఎవరెవరు ఉన్నారు. ఇవి ఎవరూ అడిగి ఉండరు.

అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చెయ్యండి, ఫ్యాన్ ఆపేస్తే శబ్దం బాగుంటుంది. ఆఖర్న, ఆవిడకి అభ్యంతరం లేకపోతే, ఆ రోజుల్లో ప్రసారం మొదలుపెడుతూ చెప్పిన మాటలు ఒకసారి చెప్పమనండి. ఫైల్‌కి ఆవిడ పేరు, తేదీ పెట్టి, ఒక కాపీ ఆవిడ పిల్లలకి ఆ రోజే పంపించండి.